హుక్కుల్లేని చొక్కా

బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ చుట్టుపక్కల శేషుకుమారి కుట్టే జాకెట్ల గురించి చెప్పుకునే కబుర్లలో సగం కత్తిరించి పారేసినా, మిగిలిన సగంతో ఇంకో జాకెట్టు కుట్టొచ్చు. హరిప్రియ అనే పెళ్ళికూతురు మెల్‌బోర్న్ నుంచి వస్తూ విమానంలో ఇచ్చినవన్నీ తిని, దిగేసరికి రెండంగుళాలు లావెక్కిందట. అయినా శేషుకుమారి జాకెట్టు, ఈ సంగతి తనకు ముందే తెలుసన్నట్టు, పిల్లని తనలో సర్దుకుందట. ఆవిడ కుట్టిన హుక్కు ఊడటమూ, బ్రిస్బేన్ నది ఊళ్ళోకి రావటమూ ఒకటేననీ, ఏ పదేళ్ళకో తప్ప జరగదనీ ఇంకొకరి మాట.

మిగతావి కోతలైనా, హుక్కుల మాట మటుకు నిజం. చీరాలలో చదువుకునే రోజుల్లో, కాన్వెంటులో కుట్టుపని నేర్పిన సిస్టరమ్మ, "వదులు హుక్కు కుట్టడం కంటే అబద్ధమాడటం నయం. అబద్ధానికైతే కన్ఫెషన్ ఉంది" అనేది. ఆ మాట శేషుకుమారి వేళ్ళలోకి దిగిపోయింది. పెళ్ళయి ఆస్ట్రేలియా వచ్చాక కూడా ఆవిడ సామానులో దేవుడి పటం కంటే ముందు బయటికొచ్చింది హుక్కుల డబ్బానే.

భర్త రామ్మోహన్ ఇంజనీరింగ్ చదివినవాడు. వచ్చిన కొత్తలో, నాలుగు నెలలకని సిటీ బస్సు నడపడానికి ఎక్కి, ఆ బస్సు దిగకుండానే రిటైరయ్యాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి శేషుకుమారి ఎవరి దగ్గరా ఎత్తదు. కొలతలకొచ్చిన ఆడవాళ్ళు ఎత్తబోతే, గబుక్కున నోట్లో గుండుసూదులు పెట్టుకుంటుంది. నోట్లో సూదులున్న మనిషిని జవాబడిగే ధైర్యం ఎవరికుంటుంది?

వాళ్ళ పక్కింట్లో బ్లియా ఉండేది. బ్లియాది హ్మాంగ్ జాతి. లావోస్ కొండల్లో పుట్టి, యుద్ధంలో ఊరు పోగొట్టుకుని, చీకట్లో మెకాంగ్ నది దాటి, థాయ్‌లాండ్ శరణార్థి శిబిరంలో కూతుర్ని కని, చివరికి ఆస్ట్రేలియా దక్షిణపు కొసన హోబార్ట్ చేరింది. అక్కడ శనివారం సంతలో చాలా ఏళ్ళు కూరగాయలమ్మింది. భర్త పోయాక, ఆ చలి ఎముకల్లోంచి పోవడం లేదని, ఎండ వెతుక్కుంటూ కూతురితో బ్రిస్బేన్ వచ్చేసింది.

ఇద్దరినీ కలిపింది గోంగూర. క్వీన్స్‌లాండ్‌లో ఆ చెట్టుని రోజెల్లా అంటారు. కాయతో జామ్ చేసుకుని, ఆకుని మాత్రం పారేస్తారు. బ్లియా పెరట్లో ఆ చెట్లు కంచె దాటి ఎదిగి ఉండటం చూసి, శేషుకుమారి మొదటిరోజే ఆగలేకపోయింది. ఇటునుంచి ఓ కొమ్మ వంచి ఆకు దూసుకుంటోంది. అటునుంచి బ్లియా చూసింది. దొంగ దొరికిపోయింది. బ్లియా తనూ ఓ ఆకు తుంచి, నోట్లో వేసుకుని, పులుపుకి ఒక కన్ను మూసింది. మర్నాడు కంచెమీద గోంగూర కట్ట ఉంది. ఆ మర్నాడు అదే చోట పచ్చడి సీసా ఉంది.

ఇద్దరికీ కలిసిన భాష ఇంగ్లీషే. అదీ అతుకుల బొంత. శేషుకుమారి ఆమెని "బ్లియా అక్కా" అనేది. ఆమెకి ఆ మాట నచ్చి, తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా "అక్క ఈరోజు నీళ్ళు పోసింది, అక్క అలిసిపోయింది" అనడం మొదలుపెట్టింది.

ఒక డిసెంబరులో, హ్మాంగ్ వాళ్ళ కొత్త సంవత్సరానికి, బ్లియా శేషుకుమారిని ఇంటికి పిలిచి తన బట్టలు తొడిగింది. ముందు ఒక చుట్ట బయటికి తీసింది. చూడటానికి చుట్టిన చాపలా ఉంది. తాడు విప్పగానే అది పావడా అయింది. నేత తెల్లన. దానినిండా సన్నటి కుచ్చిళ్ళు, లెక్కపెట్టబోతే కళ్ళు తిరిగేటన్ని.

"నీ చీరకి కుచ్చిళ్ళు ఎన్ని?" అడిగింది బ్లియా, పావడాని ఆమె నడుం చుట్టూ తిప్పుతూ.

"ఆరో, ఏడో."

"రోజూ పెడతావు?"

"రోజూ."

"రోజూ పెట్టి రోజూ పోగొట్టుకుంటావా! మేం ఒక్కసారి పెడతాం. కుట్టేస్తాం. చుట్టి దాచుకుంటాం. అమ్మ పెట్టిన కుచ్చి కూతురు చచ్చేదాకా ఉంటుంది."

పావడా ముందుభాగం తెరిచే ఉంటుంది. దానిమీద ఏప్రన్ లాంటి పొడుగు గుడ్డ వేలాడుతుంది. పైన నల్లచొక్కా. మెడవెనక, పలక అంత చదరం నిండా నత్తగుల్లల్లాంటి కుట్టుపని. చొక్కాకి ముందు గుండీ లేదు, ముడి లేదు. ఎడమ అంచుమీదికి కుడి అంచు జరిపి, అన్నిటిమీదా ఓ నడికట్టు బిగించి చుట్టాలి. తలకి వంగపూవు రంగు పాగా. మెడలో వెండి కంటె. చివరికి వెండినాణాలు కుట్టిన పట్టీలు భుజంమీదనుంచి ఏటవాలుగా. అడుగు తీసి అడుగు వేస్తే గలగల.

ఆ వేషంతో ఇంటికొచ్చిన పెళ్ళాన్ని చూసి రామ్మోహన్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏమేవ్! హెలెన్స్‌బర్గ్ గుళ్ళో వెంకన్న హుండీ నడిచొస్తోందేమిటి!"

శేషుకుమారి పడీపడీ నవ్వింది. కానీ దర్జీ కళ్ళు నవ్వుతూ కూడా చూస్తాయి. ఒంటిమీద ఇంత బట్టా, ఇంత బరువూ, అంతా ఒక్క నడికట్టు పట్టుమీద నిలబడి ఉంది. ఎక్కడా ఒక్క హుక్కు లేదు. ఆ సంగతి ఆవిడకి పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.

తర్వాతి ఏడు బ్లియాకి పక్షవాతం తగిలింది. మనిషి తేరుకుంది గానీ కుడిచెయ్యి తేరుకోలేదు. ఆ చలికాలమంతా, గుండీలు ఏనాడో రాలిపోయిన నీలం కార్డిగన్ వేసుకుని, గుండెదగ్గర దాన్ని ఆ చచ్చుచేత్తో మూసిపట్టుకుని, ఎడంచేత్తో మొక్కలకి నీళ్ళు పోసేది. "ఇలా తే అక్కా, గుండీలు కుడతాను" అని శేషుకుమారి చాలాసార్లు అంది. "పాత బట్ట. ఎందుకు?" అని కొట్టిపారేసేది.

అలాంటి మనిషి, ఓ ఉదయం తనే ఓ మూట పట్టుకొచ్చింది. అందులో కత్తిరించి ఉంచిన నల్లటి నారగుడ్డ. గంజాయికి దాయాది మొక్క నారతో వాళ్ళమ్మ నేసిందట. నది దాటినప్పుడు బ్లియా దాన్ని నెత్తిన పెట్టుకుని దాటిందట. గుడ్డతోపాటు అదే నారతో పేనిన దారపుండ.

"శేశూ, అక్కకి చొక్కా. చేత్తో కుట్టు, మిషను వద్దు. మైసీకి సూది పట్టడం రాదు."

మైసీ కూతురు. మందుల షాపులో పనిచేస్తుంది.

"ఎప్పటికి కావాలక్కా?"

"తొందర లేదు."

దర్జీ అడగవలసిందేదో శేషుకుమారి అడిగింది. ఎందుకని మాత్రం అడగలేదు. పండక్కే అనుకుంది. పండక్కి కాక కొత్త చొక్కా ఎందుకు?

ఆ నారదారం ఆవిడకి లొంగలేదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం, లాగితే పీచు, గట్టిగా లాగితే పుటుక్కు. రెండురోజులు ఓపిక పట్టి, దీంతో కుడితే తన పేరు గంగలో కలుస్తుందని, దాన్ని పక్కన పెట్టేసింది. తన డబ్బాలోంచి నల్ల పాలియెస్టర్ దారం తీసింది. ఏనుగుని కట్టినా తెగదది. చొక్కా అంతా దాంతోనే, చీమ నడిచినట్టు, కుట్టింది. అంతా అయ్యాక బ్లియా చెయ్యి గుర్తొచ్చింది. ఈ చేత్తో నడికట్టు ఎలా బిగించుకుంటుంది పాపం? అప్పుడు ఆవిడకి ఓ ఆలోచన వచ్చింది. చీరాల కాన్వెంటులో చదివిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. చొక్కా ముందుభాగంలో, అంచు లోపలిమడత కింద, పైకి కనబడకుండా, వరసగా హుక్కులు కుట్టేసింది. చెప్పకూడదు, వేసుకున్నప్పుడు తనే కనిపెట్టి మురిసిపోవాలి.

చొక్కా ఇస్తూ, దారపుండ కూడా తిరిగిచ్చింది.

"నీ దారం మిగిలిపోయిందక్కా. నా దారంతో కుట్టాన్లే. నూరేళ్ళయినా చెక్కుచెదరదు."

బ్లియా దారపుండ వంక చూసింది. చొక్కా వంక చూసింది. ఎడంచేత్తో శేషుకుమారి బుగ్గ నిమిరి, "బావుంది" అంది. అంతే.

ఆ పండక్కి బ్లియా పాత చొక్కాయే వేసుకుంది. శేషుకుమారి కాస్త నొచ్చుకుంది గానీ పైకి తేలనివ్వలేదు. ఆ తర్వాతి చలికాలం నీలం కార్డిగన్ గుండెదగ్గర చక్కగా మూసుకుని కనిపించింది. ఇన్నాళ్ళకి మైసీకి బుద్ధొచ్చి తల్లికి బాగు చేసిపెట్టిందనుకుంది.

ఆగస్టులో, గాలులు వీచే రోజుల్లో, బ్లియాకి మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి ఆస్పత్రినుంచి తిరిగి రాలేదు.

శేషుకుమారి ఏడ్చింది. కంచెదగ్గర నిలబడి ఏడ్చింది, మిషను ముందు కూర్చుని ఏడ్చింది. హ్మాంగ్ వాళ్ళ అంత్యక్రియలు రోజుల తరబడి సాగుతాయి, అందుకు సరిపడే హాలు పై వారాంతానికి గాని దొరకలేదు. గురువారం మధ్యాహ్నం మైసీ వచ్చింది. ఇక్కడ పెరిగిన పిల్ల, ఇంగ్లీషే మాట్లాడుతుంది.

"ఆంటీ, రేపు అమ్మకి బట్టలు తొడుగుతాం. ఉత్తరాన ఇన్నిస్‌ఫెయిల్ నుంచి పెద్దమ్మలు బయల్దేరారు, పొద్దుటికి వచ్చేస్తారు. మీరు కుట్టిన చొక్కాయే తొడుగుతున్నాం. మీకు చెప్పాలనిపించింది."

"నేను కుట్టిందా?"

"అందుకేగా కుట్టించింది. మీకు చెప్పలేదా?" మైసీ ముక్కు తుడుచుకుంది. "అది పోయినరోజు వేసుకునే చొక్కా ఆంటీ. మావాళ్ళు బతికుండగానే కుట్టించుకుని పెట్టుకుంటారు. నిజానికి కూతురు కుట్టాలి. నాకు చేతకాదు కదా. అమ్మ అందరికీ చెప్పుకుంది, 'నా చొక్కా మా చెల్లి కుట్టింది' అని."

శేషుకుమారి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

మైసీ చెప్పుకుపోతోంది. పోయినవాళ్ళు తిరిగి నడుచుకుంటూ పోవాలట. బ్రిస్బేన్ నుంచి హోబార్ట్, అక్కణ్ణించి శిబిరం, శిబిరం నుంచి నది, నది దాటి పుట్టిన ఊరు. బతికిన ప్రతిచోటా ఆగి, సెలవు తీసుకుని మరీ వెళ్ళాలట. అక్కడ పెద్దలు బట్టలు చూసి, మనదే ఈ పిల్ల అని గుర్తుపడతారట.

"అందుకే అన్నీ మట్టిలో కలిసిపోయేవే ఉండాలి. నార, నూలు, అంతే. నైలాన్ పోగు ఉండకూడదు. ఇనుము అసలే కూడదు. జిప్పు గానీ సూది గానీ ఉంటే, అది కుళ్ళదు, మనిషిని వదలదు. వచ్చే జన్మలో ఒంట్లో నొప్పై పుడుతుందంటారు. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలీదు ఆంటీ. అమ్మకి ఉంది."

"చొక్కా... చూశావా అమ్మా నువ్వు?"

"లేదు. ఆ సూట్‌కేసు ఇంకా తెరవలేదు. తెరిస్తే అమ్మ నిజంగా పోయినట్టే అనిపిస్తోంది."

మైసీ వెళ్ళిపోయింది. శేషుకుమారి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించి, ఎందుకు వెలిగించిందో తెలియక ఆర్పేసింది. రామ్మోహన్‌కి అంతా చెప్పింది.

"హుక్కులు మడత కింద ఉన్నాయి. పైకి తెలీదు. దారం నల్లదే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు కదండీ?"

రామ్మోహన్ ప్రతిదానికీ ఓ హాస్యం ఆడే మనిషి. ఆవేళ ఆడలేదు.

"ఒకసారి ఓ ముసలాయన బెల్లు కొట్టాడు. నేను వినిపించుకోలేదు. దాటిపోయాక అద్దంలో చూస్తే ఇంకా తలుపుదగ్గరే నిలబడున్నాడు, ఏమీ అనకుండా. తర్వాతి స్టాపులో దింపుదాంలే అనుకోవచ్చు. కానీ వానలో అంత దూరం వెనక్కి నడవాల్సింది ఆయన. బస్సు ఆపేశాను." గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు. "వెళ్ళు శేషూ."

కుట్టుడబ్బా చంకన పెట్టుకుని వెళ్ళింది. నాలుగడుగుల దూరం. కంచె పక్కనుంచి వెళ్తుంటే గోంగూర కొమ్మ చీర పట్టుకుంది.

"మైసీ, ఆ సూట్‌కేసు ఇప్పుడే తియ్యాలమ్మా. నేనో తప్పు చేశాను."

చెప్పేసింది. హుక్కులూ, దారమూ, తిరిగిచ్చేసిన నారపుండా, అన్నీ. మైసీ మొహంలో రక్తం లేదు.

"ఒక్క మాట అడగాల్సింది ఆంటీ. పక్కింట్లోనే ఉండేదిగా. ఒక్క మాట!"

"అడగలేదమ్మా."

మైసీ మంచంకింది సూట్‌కేసు లాగి, మూత తెరిచింది. తెల్ల పావడా చుట్ట, నార చెప్పులు, పాగా గుడ్డ, అన్నిటికిందా నల్లచొక్కా. శేషుకుమారి దాన్ని ఒళ్ళో పరుచుకుని, ముందు అంచు మడత తిప్పింది.

హుక్కుల్లేవు. హుక్కులుండాల్సిన చోట్ల సూదిరంధ్రాలు మాత్రం జంటలు జంటలుగా ఉన్నాయి.

చొక్కా ఎడం చెయ్యి తిప్పి చూసింది. తన చీమకుట్టు అక్కడ లేదు. దాని బదులు పీచుపీచు నారదారంతో, పెద్దపెద్ద అడుగులతో, తాగినవాడి నడకలాంటి కుట్టు. పక్కకుట్టు మొత్తం అలాగే. మెడవెనక అలాగే. కుడిభుజం సగం దాకా వచ్చి ఆగిపోయింది. దారంకొస వేలాడుతోంది. అక్కణ్ణించి మిగతాదంతా ఇంకా తన పాలియెస్టర్ కుట్టే, నూరేళ్ళ ధీమాతో మెరుస్తోంది.

"అమ్మ కుట్టా ఇది?" అంది మైసీ.

"ఎడంచేత్తో కుట్టింది." అంది శేషుకుమారి. నారపుండ వెనక్కిచ్చిన రోజునే బ్లియాకి అర్థమైంది. బావుందని బుగ్గ నిమిరింది. చెల్లెలు నొచ్చుకుంటుందని ఒక్క మాటా అనకుండా, సరిగా సూది పట్టలేని చేత్తో, ఆ ఏనుగుదారాన్ని ఒక్కో కుట్టూ తెంపుకుంటూ కూర్చుంది. ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుందో. అప్పుడు కంచెకి ఇవతల తను మిషను తొక్కుతూనే ఉంది.

మైసీ నేలమీద కూలబడింది. వేలాడుతున్న దారంకొస పట్టుకుని, "నేనూ అడగలేదు ఆంటీ. కుట్టు నేర్పమని. ఎప్పుడూ అడగలేదు" అంది.

ఎండ ఇంకా ఉంది. శేషుకుమారి కిటికీ దగ్గరికి జరిగి, మిగిలిన పాలియెస్టర్ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. తన కుట్టు తనకే లొంగలేదు. బ్లేడు జారి వేలు తెగింది. గుడ్డకి నెత్తురు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ఆ నారదారం పద్ధతి ఈసారి అర్థమైంది. లాగకూడదు, దాని దారిన దాన్ని రానివ్వాలి, తడి వేళ్ళతో నిమురుతూ ఉండాలి. భుజం పూర్తి చేసింది. కుడి పక్కకుట్టు పూర్తి చేసింది. చొక్కా కుడి చెయ్యి మిగిలింది.

సూది మైసీకిచ్చింది.

"నాకు రాదు ఆంటీ. పాడుచేస్తాను."

"చెయ్యి. మీ అమ్మకంటే పాడుగా కుట్టలేవులే."

ఆ మాటకి మైసీకి నవ్వొచ్చింది. నవ్వు ఏడుపులోకి తిరిగింది. ఏడుస్తూనే కుట్టింది. రెండుసార్లు తప్పుగా గుచ్చి, రెండుసార్లు విప్పింది. పూర్తయ్యేసరికి పెరట్లో నీడలు కంచెదాకా వచ్చాయి.

"ఎడంవైపు అమ్మ కుట్టినవి, అవి కూడా సరిచేస్తారా? పెద్దమ్మలు చూస్తారు" అంది మైసీ.

"నేను ముట్టుకోను" అంది శేషుకుమారి.

హాల్లో బ్లియా పడుకుని ఉంది. ఎడమ అంచుమీదికి కుడి అంచు, దానిమీద నడికట్టు, తలకి పాగా. వెండి లేదు. గలగల లేదు. వెదురు గొట్టాల వాద్యం ఊదుతూ ఓ మనిషి శవం చుట్టూ వంగి వంగి తిరుగుతున్నాడు. డప్పు మోగుతోంది. అది దారి చెప్పే పాట అని పక్కనెవరో చెప్పారు.

రామ్మోహన్ చాలాసేపు విన్నాడు. "పెద్ద రూటే శేషూ. హోబార్ట్ మీదుగా" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అన్నీ ముగిశాక మైసీ ఇల్లు సర్దుతూ, నీలం కార్డిగన్ తెచ్చి కంచెమీద వేసింది. "ఇది మీకే చెందాలి ఆంటీ. ఎందుకో చూస్తే మీకే తెలుస్తుంది."

శేషుకుమారి దాన్ని విప్పి చూసింది. ముందు అంచుకి వరసగా తన హుక్కులు. వాటిని కుట్టిన దారం తన నల్ల పాలియెస్టరే. చొక్కాలోంచి తెంపిన ముక్కల్ని బ్లియా పారేయలేదు. మట్టికి పనికిరానివాటిని, బతికున్నన్నాళ్ళూ గుండెమీద పెట్టుకుంది. మైసీ బాగుచేసిందనుకుని, దగ్గరికెళ్ళి ఒక్కసారీ చూడలేదు తను.

మధ్యలో ఓ హుక్కు వదులుగా వేలాడుతోంది. చెయ్యి అలవాటుగా సూది కోసం వెళ్ళింది. డబ్బా మూత తీసి, మళ్ళీ మూసేసింది.

చలి పొద్దుల్లో ఆ కార్డిగనే వేసుకుని గోంగూరకి నీళ్ళు పోస్తుంది శేషుకుమారి. పోయినవాళ్ళ బట్ట వేసుకోకూడదని కొలతలకొచ్చినవాళ్ళెవరో అంటే, నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. ఆ వదులు హుక్కు నీళ్ళు పోసేటప్పుడల్లా ఊడిపోతూ ఉంటుంది. అప్పుడు కుడిచేత్తో అక్కడ మూసిపట్టుకుని, ఎడంచేత్తో పోస్తుంది.